అరటి కాలువ

మైదుకూరు నుంచి వచ్చే బస్సులో
కండక్టరు రోజూ అడుగుతాడు:
"అరటి కాలువ అంటారే, యాడబ్బా అరటితోట?"
లేదు.
నాపరాళ్ల కుప్పలున్నాయి, చౌడుంది,
గట్టు మీద జిల్లేడుంది,
పసుపు, ఉల్లి, నీళ్లొదిలిన ఏడు వరి.
అరటి మాత్రం లేదు.

ఆ పేరు చెట్టుది కాదు,
మనిషిది.

హార్ట్లీ అని ఒక దొర.
సముద్రానికి దారి వెతుక్కుంటా వచ్చినాడంట,
సముద్రం మీది నుంచి వచ్చినవాడే.
సుంకేసుల కాడ పడవెక్కిన పత్తి మూట
కుందూ పక్కన, పెన్న పక్కన
దిగకుండా, బండెక్కకుండా
ఉప్పునీళ్ల దాకా పోవాలని ఆయన కల.
ఆ పత్తి ఎవరిదో ఆ కలలో లేదు.

ముందు నడిచింది దొర కాదు.
మా ఓబులేసు,
మా జేజినాయనకు జేజినాయన,
గొలుసు కొస పట్టుకొని.
ముళ్లు మొదట ఆయన కాళ్లకే,
పాము మొదట ఆయన కంటికే,
మడుగు లోతు మొదట ఆయన మోకాలికే తెలిసేది.
వెనక నుంచి దుర్బీనులో చూసి
దొర పుస్తకంలో రాసుకునేవాడు,
కనుక్కున్నానని.

"ఈ వంక యాడికి పోతాది?" అని దుబాసీ అడిగితే
"పోయేదాక పోతాది సామీ" అన్నాడంట ఓబులేసు.
దుబాసీ దాన్ని ఏమని తిప్పి చెప్పినాడో గానీ
ఆ పొద్దు దొర చానాసేపు రాసినాడంట.

మా ఊళ్ల పేర్లు ఆయన చెవిలో వంకర పోయినాయి,
పటంలో మా ఊరిని మేమే గుర్తుపట్టలేము.
ఆయన పేరు మా నోట్లో
ఆర్టిలి, అరటిలి,
ఆఖరికి అరటి.
చెల్లుకు చెల్లు.

పడవలు తిరిగినాయి, కొన్నేండ్లు.
సముద్రం దాకా పోలేదు, కడప కాడనే ఆగినాయి.
మా జేజి చూళ్లేదు, వాళ్ల జేజి చూసిందంట:
గట్టు మీద మనుషులు మోకు భుజానేసుకొని లాగుతుంటే
జొన్నబస్తాల మీద ఒక పిల్లి నిద్రపోయేదంట.
మా ఇంట్లో పడవంటే ఇప్పటికీ ఆ పిల్లే.
రైలు గెలిచింది.
పడవ కట్టే ఇనుప కడియం మాత్రం
తూము పక్క రాతిలో మిగిలింది.
మస్తానమ్మ ఎనుమును దానికే కట్టేస్తాది.
పలుపు ఒరిసీ ఒరిసీ నున్నగా మెరుస్తాది.

నేను ఈ కాలువకు లస్కరును.
లస్కరంటే ఓడ మీద పనిచేసేవాడని
కొత్తగా వచ్చిన ఏఈ చెప్పి నవ్వినాడు.
నేనూ నవ్వినాను,
ఈత రాని ఓడమనిషిని.
నడిరాత్రి రెండింటికి కింది ఆయకట్టోళ్లు
టార్చిలైట్లేసుకొని కొట్లాటకొస్తే
వాళ్లకూ నాకూ మధ్య జానెడు నీళ్లు.

మాయమ్మకు ఆ పేరంటే నామోషీ.
"పేరు పెట్టుకొని చెట్టు లేకుంటే ఎట్లరా" అని
ప్రొద్దుటూరు సంతలో పిలక కొనుక్కొచ్చి
తూము కింద నాటింది.
మొదటిది ఎండకు మాడింది.
రెండోది మేకలు తినేసినాయి.
మూడోదానికి ముళ్లకంప చుట్టి, అంట్లు కడిగిన నీళ్లు పోసి,
రాత్రిళ్లు లేచి పోయి చూసొచ్చేది,
జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్టు.

పోయిన శ్రావణంలో గెల వేసింది.
సన్న గెల, మూడే అత్తాలు.

బస్సాగింది.
కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి
"ఓహో, ఇదా సంగతి!" అన్నాడు,
ఎన్నాళ్ల లెక్కో తేలినట్టు.

ఓబులేసు గురించి చెబుదామని నోరు తెరిచినాను.
ఈల వేసినాడు. బస్సు కదిలింది.

దుమ్ము అణిగినాక మాయమ్మ ఒక పండు తుంచి
నా చేతిలో పెట్టింది.
ఇంకా దోరదే.
నాలికంతా వగరు.